‘నా వల్ల కాదట!’: మనల్ని మనం తిట్టుకునే అలవాటును పట్టుకోవడం ఎలా

జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి, పెన్ను ఒకటి. ఈ పనికి ఖర్చు అంతే. ఫోన్‌లో రాసుకుందామనుకోకండి. రాయడానికని ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ స్టేటస్‌లు కనబడతాయి. విశాఖ మధురవాడలో ఎవరిదో గృహప్రవేశం, ఎవరి అబ్బాయికో ఆఫర్ లెటర్. ఒక తిట్టు రాద్దామని కూర్చుంటే ఇంకో రెండు పుట్టుకొస్తాయి.

ఇక్కడ తిట్టు అంటే మనల్ని మనం లోపల్లోపల అనుకునేది. ‘నీ వల్ల ఏటవుతాదిరా?’, ‘మన బతుకింతే’, ‘ఒక్క పనీ సరిగ్గా చెయ్యవు కదే’, ‘అందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు, నేనే ఇక్కడ మిగిలాను’. అమెరికా సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో డిప్రెషన్‌తో వచ్చిన పేషెంట్ల మాటల్లో ఇలాంటి వాక్యాలను గమనించాడు. పిలవకుండా వస్తాయి, క్షణంలో పోతాయి, వచ్చిన సంగతి కూడా మనకు సరిగ్గా తెలీదు. మనసు బరువెక్కడం ఒక్కటే తెలుస్తుంది. వాటికి ఆటోమేటిక్ థాట్స్ అని పేరు పెట్టాడు. ఆయన మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలో వాడే కాగితం పద్ధతే ఇక్కడ చెప్పబోయేది. దానికి తోడు, తెలుగులో తిట్టుకునేవాళ్ళకు తెలుగు వ్యాకరణమే చేసిపెట్టే సాయం రెండు రకాలుగా ఉంది. చేతిలో ఉన్నదాన్ని వాడుకోకపోతే ఎలా?

మొదటి వారం లెక్క మాత్రమే

మొదటి ఏడు రోజులూ ఏమీ మార్చడానికి ప్రయత్నించొద్దు. తిట్టు దొరికినప్పుడల్లా ఆ రోజు పేజీలో ఒక గీత పెట్టండి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, పాల లెక్కలాగా.

తిట్టు నేరుగా దొరకదు. దాని వెనకాలే వచ్చే గుర్తుల్ని పట్టుకోవాలి. దవడ బిగుసుకోవడం, కడుపులో జారినట్టుండడం, ఉన్నట్టుండి ఫోన్ తీసి రీల్స్ తిప్పడం, చేస్తున్న పని వదిలేసి పడుకోవాలనిపించడం. వీటిలో ఏది జరిగినా ‘ఇందాక నాతో నేను ఏమన్నాను?’ అని ఒక్క నిమిషం వెనక్కి వెళ్ళి చూడండి. చేతికి పని ఉండి తలకి పని లేని వేళల్లో ఎక్కువ దొరుకుతాయి. స్నానం చేస్తున్నప్పుడు, అంట్లు తోముతున్నప్పుడు, గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడ్డప్పుడు, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి పొద్దుటే నిద్రపట్టక దొర్లుతున్నప్పుడు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు గీత పక్కనే ఏ షిఫ్టో అక్షరం వేసుకుంటే మంచిది. నిద్ర తక్కువైన రోజులకీ గీతలకీ ఏమైనా లింకు ఉందేమో నెల తిరిగేసరికి వాళ్ళ నోట్‌బుక్కే చెప్తుంది.

మూడో రోజుకో నాలుగో రోజుకో గీతలు పెరగొచ్చు. ‘ఇది మొదలెట్టాక ఇంకా ఎక్కువైంది’ అని మానేసేది ఇక్కడే. ఇన్నాళ్ళూ కనబడకుండా పోయినవి ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి, అంతే. వారం పూర్తి చేయండి.

లెక్కలో వేయకూడనివి కూడా ఉన్నాయి. ‘మా ఇంట్లో ఏముందండీ, ఏదో పప్పూ అన్నం’ అనడం మర్యాద. ‘ఏదో మీ దయవల్ల గడుస్తోంది’ అనడమూ మర్యాదే. వీటిని ఆత్మన్యూనత అనుకుని కంగారు పడితే తెలుగువాళ్ళెవరూ తేలరు. ‘నా ఖర్మ!’ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. సింక్ పొంగిందని ‘నా ఖర్మ’ అనుకుని చీపురు అందుకుంటే అది నిట్టూర్పు. ‘నా ఖర్మ’ అనుకుని మంచం మీద కూలబడితే అది తీర్పు. గీత పెట్టాల్సింది తీర్పుకి.

రెండో వారం నుంచి మాటను మాటగా రాయడం

రోజుకి ఒక్కటే తిట్టు, ఆ రోజు అన్నిటికన్నా గట్టిగా తగిలింది. సాయంత్రం ఆరూ ఎనిమిదీ మధ్య, కుర్చీలో కూర్చుని, 15 నిమిషాలకి అలారం పెట్టుకుని రాయండి. అలారం మోగాక ఆపేయాలి. గంటసేపు రాస్తే మంచిదేగా అనిపిస్తుంది గానీ, పావుగంట దాటిన రాత చాలాసార్లు పెన్నుతో చేసే చింతే అవుతుంది. మంచం మీద రాయొద్దు.

తిట్టును శుభ్రం చేయకుండా రాయాలి. లోపల ‘ఏటి’ అని వినబడితే ‘ఏటి’ అనే రాయండి. ‘రా’ ఉంటే ‘రా’, బూతు ఉంటే బూతు. నోట్‌బుక్ ఎవరూ చూడరు. ‘నాకు ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాసేవాళ్ళు చాలామంది. అది తిట్టు మీద అంటించిన లేబుల్. దాన్ని పరీక్షించడానికి లోపల ఏమీ లేదు. ఏ మాట వినబడితే ఆ మాటే పేజీ మీదకు రావాలి.

తిట్టు ప్రశ్న రూపంలో వస్తే దాన్ని వాక్యంగా తిప్పండి. ‘నేనెందుకిలా ఉన్నాను?’ అనే ప్రశ్నకి జవాబు ఉండదు, అందుకే అది రాత్రంతా తిరుగుతుంది. దాని కడుపులో ఉన్న వాక్యం ‘నాలో ఏదో లోపం ఉంది’. దాన్ని రాయండి. ఒకే శ్వాసలో రెండు తిట్లు వస్తే రెండు వేర్వేరు వరసల్లో రాయండి. కలిపి ఉంచితే ఒకదానికి జవాబు దొరుకుతున్నప్పుడు రెండోది అడ్డుపడుతుంది.

పక్కనే ఒక అంకె. ఈ క్షణంలో ఈ మాటను ఎంత శాతం నమ్ముతున్నారు, 0 నుంచి 100. కోపమో కంగారో మరీ ఎక్కువగా ఉండి చేయి వణుకుతుంటే ముందు రాయొద్దు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. రెండు నిమిషాలు. తర్వాత పెన్ను.

ఒక పేజీ దగ్గరగా

ద్వారకానగర్‌లో బ్యాంకు క్లర్క్ పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడి పేజీ ఇలా ఉండొచ్చు. (ఊహించి రాసిందే, అంకెలు మాత్రం ఆ పరీక్ష తీరుకి తగ్గట్టే వేశాం.)

తిట్లు రెండు. ‘ఈ జన్మకి నీకు ఉద్యోగం రాదురా’, నమ్మకం 90. ‘నాన్న డబ్బులు తగలేస్తున్నావు’, నమ్మకం 80.

దాని కింద, జరిగింది. ఇక్కడ ఒక్కటే నియమం: గోడ మీద సీసీ కెమెరా ఉంటే దానికి దొరికేది మాత్రమే రాయాలి. ‘టెస్ట్ నాశనమైంది’ కెమెరాకి దొరకదు. దొరికేది ఇది: మంగళవారం మాక్ టెస్ట్, 100కి 41. ఇంగ్లీషు 30కి 17, రీజనింగ్ 35కి 18, న్యూమరికల్ 35కి 6. న్యూమరికల్‌లో 20 నిమిషాల్లో 16 ప్రశ్నలకి జవాబు పెట్టాడు, 8 ఒప్పు, 8 తప్పు. తప్పుకి పావు మార్కు చొప్పున 2 కోత. 19 ప్రశ్నలు అసలు ముట్టుకోలేదు.

ఇలా రాసేసరికే సగం పని అయిపోతుంది. ‘ఈ జన్మ’ అన్నది కాస్తా ఒక సెక్షన్, 20 నిమిషాలు, 16 ప్రశ్నలు అయింది.

ఇప్పుడు తిట్టుని ‘ఎప్పుడు?’ అని అడగాలి. తెలుగు ఇచ్చే మొదటి సాయం ఇదే. ‘రాదు’, ‘కాదు’, ‘చేయలేను’. ఈ మాటలకి తేదీ ఉండదు. ‘చేయలేను’ అంటే ఇవాళా చేయలేను, రేపూ చేయలేను, ఎప్పటికీ చేయలేను, మూడూ ఒకే మాటలో పడిపోతాయి. తిట్టు బలమంతా ఆ తేదీ లేకపోవడంలోనే ఉంది. దాన్ని ‘చేయలేకపోయాను’ చేయండి. వెంటనే ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నకి చోటు దొరుకుతుంది. మంగళవారం చేయలేకపోయాను. న్యూమరికల్‌లో చేయలేకపోయాను. ‘నాకు మాట్లాడడం రాదు’ అనేది ‘నిన్న మీటింగ్‌లో మేనేజర్ అడిగినప్పుడు రెండు నిమిషాలు మాట పెగల్లేదు’ అవుతుంది. ‘ఎప్పుడూ’, ‘ఏదీ’, ‘ఎవరూ’, ‘అంతా’ అనే నాలుగు మాటలు తిట్టులో కనబడితే వాటి కింద గీత గీసి, ఒక్కోదానికీ తేదీ, చోటు, అంకె వేయండి.

కుర్రాడి పేజీలో కొత్త వాక్యం ఇలా వస్తుంది: ‘మంగళవారం 41 వచ్చింది. న్యూమరికల్ దెబ్బకొట్టింది. ఈ స్కోరుతో ఈసారి కష్టం.’ నమ్మకం 95. తిట్టు మీద నమ్మకం మళ్ళీ అడిగితే 90 కాస్తా 55 దగ్గర ఉండొచ్చు. సున్నాకి రావాలనుకోకండి. ఇరవై పాయింట్లు తగ్గినా ఆ రోజుకి పని జరిగినట్టే.

కొత్త వాక్యం తియ్యగా లేదని గమనించండి. ‘ఈసారి కష్టం’ అనేది అందులోనూ ఉంది, అదీ నొప్పే. కాకపోతే పట్టుకోవడానికి దానికి ఒక పిడి ఉంది. పిడి అంటే పది నిమిషాల్లో చేయగలిగిన పని. ఇక్కడ, తప్పైన 8 ప్రశ్నలూ తెరిచి, లెక్క తప్పిందా, పద్ధతే తెలీదా, కంగారులో గుడ్డిగా పెట్టాడా అని పక్కన ఒక్కో అక్షరం వేయడం. పేజీ చివర అలాంటి పని ఒకటి రాయకపోతే రాసిందంతా గాలికి పోతుంది.

రెండో తిట్టు వేరే జాతి. ‘తగలేస్తున్నావు’ అని నాన్న అన్నాడా? కెమెరాకి దొరికింది: ఆదివారం ఫోన్ చేసి ‘ఎలా జరుగుతోందిరా, తింటున్నావా?’ అన్నాడు. మిగతాది కుర్రాడే నాన్న గొంతుతో చెప్పుకున్నాడు. మన ఇళ్ళలో ఈ జాతి తిట్లే ఎక్కువ. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్నప్పుడు ఆ నలుగురి పేర్లూ రాయమంటే ఇద్దరి దగ్గరే పెన్ను ఆగిపోవచ్చు.

రాయడానికి వీల్లేనప్పుడు ‘ట’

బస్సులో ఉన్నారు, ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నారు, పెళ్ళిలో బంధువుల మధ్య ఉన్నారు. నోట్‌బుక్ తీయలేరు. అప్పుడు తెలుగు చేసే రెండో సాయం. తిట్టు చివర ఒక్క అక్షరం చేర్చండి: ‘ట’.

‘నా వల్ల కాదు’ – ‘నా వల్ల కాదట.’ ‘నేను పనికిరాను’ – ‘నేను పనికిరానట.’ ‘అందరూ నన్నే చూస్తున్నారు’ – ‘అందరూ నన్నే చూస్తున్నారట!’

‘ట’ అంటే ఎవరో చెప్పగా విన్నది, మనం కళ్ళారా చూసింది కాదు అని. ఒక్క అక్షరంతో వాక్యం తీర్పు నుంచి కబురు అయిపోతుంది. కబురు నిజమో కాదో తర్వాత తేల్చుకోవచ్చు, ఇప్పుడు మన స్టాప్ వస్తే దిగొచ్చు. థెరపీలో ‘నా వల్ల కాదు అనే ఆలోచన నాకు వస్తోంది’ అని చెప్పుకోమంటారు. చేసే పని అదే. అంత పొడుగు వాక్యం ఎందుకు, మనకి ‘ట’ ఉండగా! మనసులో అనేటప్పుడు వీధి అరుగు మీద కబుర్లు చెప్పే స్వరంలో, కొంచెం సాగదీసి అనండి. వెటకారం మాత్రం వద్దు. వెటకారం చేస్తే అది మనల్ని మనం ఇంకోసారి తిట్టుకోవడమే అవుతుంది.

దీనికి దగ్గరిదే ఇంకొకటి. ‘నేను’ బదులు సొంత పేరుతో ఆలోచించడం. అమెరికా సైకాలజిస్ట్ ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురి ముందూ మాట్లాడాల్సి వచ్చినవాళ్ళు ‘నేను’ అని కాక తమ పేరుతో తమ గురించి ఆలోచించుకున్నప్పుడు ఆందోళన తగ్గింది. తెలుగులో పేరుతో పాటు పిలుపు కూడా ఎంచుకోవాలి. లోపలి గొంతు మనల్ని ‘ఒరేయ్’, ‘ఏమే’ అంటుంది. అదే తప్పు పక్కింటి పిల్ల చేసి ఏడుస్తూ వస్తే ‘పోన్లే తల్లీ, మొదటిసారి కదా, ఏం జరిగిందో చెప్పు’ అంటాం. ఆ ‘తల్లీ’, ‘నాన్నా’, ‘కన్నా’ మనకి మనం వాడుకోవడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది. ఉండనీయండి. మరీ సిగ్గైతే పేరు పక్కన ‘గారు’ చేర్చండి. తిట్టేది ఎవరైనా ‘గారు’ అన్నాక ‘రా’ అనలేరు.

పని చేయనివి

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాడిని, నేను సాధిస్తాను’ అని ఇరవైసార్లు చెప్పుకోమనే సలహా ఊరంతా ఉంది. కెనడాలో జోఆన్ వుడ్ బృందం 2009లో దీన్ని పరీక్షించింది. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కొద్దిగా మేలు జరిగింది. లేనివాళ్ళకి, అంటే ఎవరి కోసం ఆ సలహా పుట్టిందో వాళ్ళకి, ఇంకా దిగులుగా అనిపించింది. నమ్మని మాటను పైకి అంటే లోపల నుంచి ‘అబద్ధం’ అని ఎదురుమాట వస్తుంది. అందుకే కొత్త వాక్యం మీద నమ్మకం కనీసం 70 ఉండాలి. తక్కువుంటే వాక్యాన్ని చిన్నది చేయండి, గొప్పది చేయకండి.

‘ఆలోచించకు’ అనడమూ అంతే. 1987లో అమెరికా సైకాలజిస్ట్ డేనియల్ వెగ్నర్ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నారు. వాళ్ళకి అదే గుర్తొచ్చింది, తర్వాత ఆలోచించవచ్చు అన్నాక మామూలుకన్నా ఎక్కువగా వచ్చింది. తిట్టును తరిమే బదులు దానికి టైమ్ ఇవ్వండి: ‘సాయంత్రం ఏడింటికి రా, రాసుకుంటా’. రాత్రి పడుకున్నాక వస్తే మంచం పక్కన ఉన్న కాగితం మీద రెండు మాటలు గీకి, మిగతాది రేపటి పావుగంటకి వదిలేయండి.

నడకకి వెళ్తే అదే పోతుందంటారు. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడవడం ఒంటికి మంచిదే, అనుమానం లేదు. కానీ తిట్టుకుంటూ నడిస్తే తిట్టూ నడుస్తుంది. కళ్ళకి పని ఇవ్వండి. సముద్రంలో లంగరేసుకుని పోర్టులోకి పిలుపు కోసం ఆగిన ఓడలెన్నో లెక్కపెట్టండి. ఏది బరువుతో కిందికి దిగి ఉంది, ఏది ఖాళీగా పైకి తేలి ఉంది, చూడండి. తిట్టు మధ్యలో వస్తే ఓడల లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఇరవై నిమిషాలు చాలు.

తిట్టులో నిజం ఉంటే

‘పిల్లాడి మీద అరిచాను. నేనూ ఒక తల్లినేనా?’ ఇక్కడ రెండో ముక్క అబద్ధం, మొదటి ముక్క నిజం. నిజమైన ముక్కని వాదించి చెరిపేయాలని చూడకండి, అది మళ్ళీ వస్తుంది. తప్పు తప్పుగా ఒప్పుకుని, దిద్దుకోవడానికి ఒక పని రాయండి: పడుకునే ముందు వాడి పక్కన కూర్చుని ‘ఇందాక అరిచాను, అది నా తప్పు నాన్నా’ అనడం. ఒక్క వాక్యం. దాని వెనకాల ‘కానీ నువ్వు కూడా...’ అని తగిలించొద్దు. అది జరిగాక రెండో ముక్కకి తేదీ వేయండి. తల్లి కాకుండా పోయింది ఎన్ని నిమిషాలు? ఈ రోజు మిగతా గంటల్లో ఏం చేసింది?

నోట్‌బుక్కు సరిపోనప్పుడు

రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్ర గానీ ఆకలి గానీ బాగా తప్పడం, పనికి వెళ్ళలేకపోవడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కాన్పు తర్వాత ఇలా ఉంటే ఇంకా త్వరగా. థైరాయిడ్ తేడా వల్ల కూడా మనసు కుంగుతుంది కాబట్టి రక్తపరీక్ష రాస్తే విసుక్కోకండి. గొంతు మనసులో కాక నిజంగా చెవికి వినబడుతుంటే అది వేరే సంగతి. నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే సైకియాట్రిస్ట్‌ని కలవాలి. విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్) ఉంది. వెళ్ళేటప్పుడు నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. ‘ఏం చెప్పాలో తెలీడం లేదు’ అనే ఇబ్బంది తప్పుతుంది.

‘నేను లేకపోతే అందరికీ హాయి’ అనే మాట వస్తే దానికి తేదీ వేస్తూ కూర్చోవద్దు, ‘ట’ చేర్చొద్దు. అదే గంటలో ఇంట్లో ఒకరికి చెప్పి, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన లైను అది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే 108.

నాలుగు వారాలయ్యాక

నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిప్పండి. ఇరవై రోజుల తిట్లు ఇరవై రకాలుగా ఉండవు. బట్టలు మార్చుకుని వచ్చే మాటలు మూడో నాలుగో తేలతాయి. ఒక్కోదాని కిందా మీరే రాసిన కొత్త వాక్యాల్లో నమ్మకం ఎక్కువ పడినదాన్ని ఎంచి, చిన్న చీటీ మీద రాసి ఫోన్ వెనక కవర్‌లో పెట్టుకోండి. వైపుకి రెండు చొప్పున నాలుగు వాక్యాలు పడతాయి. అంతకన్నా ఎక్కువ రాస్తే బస్సు కుదుపుల్లో చదవలేరు. ఆ మూడు నాలుగు మాటల్లో ఏదైనా వస్తే ఇక పేజీ రాయక్కర్లేదు, చీటీ చూస్తే సరి. కొత్తది వస్తేనే పావుగంట. చీటీలో వాక్యం పాతబడి, చదివినా నమ్మకం 70కి రాకపోతే దాన్ని చించేసి, ఆ తిట్టుకి ఆ సాయంత్రం మళ్ళీ పేజీ తెరవాలి.